కోరిక వేరు, పటుత్వం వేరు, సంతానం వేరు

పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లలు లేరని ఒకరు బాధపడుతుంటారు. భార్య మీద ప్రేమ ఉన్నా దగ్గరికి వెళ్లాలనే అనిపించడం లేదని మరొకరి బాధ. మనసుంది గానీ సమయానికి శరీరం సహకరించడం లేదని ఇంకొకరి బాధ. ఈ ముగ్గురికీ జిమ్‌లోనూ యూట్యూబ్‌లోనూ మెడికల్ షాపు కౌంటర్ దగ్గరా ఈ మధ్య దొరుకుతున్న జవాబు మాత్రం ఒకటే: "హార్మోన్ తక్కువై ఉంటుంది, ఓసారి టెస్టోస్టెరాన్ చూపించుకో." హైదరాబాద్‌లో సందుకో డయాగ్నస్టిక్ సెంటర్ ఉంది కాబట్టి చూపించుకోవడం తేలికే. రిపోర్టు చేతికొచ్చాకే అసలు చిక్కు మొదలవుతుంది.

ఈ ముగ్గురివీ మూడు వేర్వేరు సమస్యలు. కోరికను నడిపేది ప్రధానంగా మగ హార్మోన్ అయిన టెస్టోస్టెరాన్, దానికి తోడు మనసు. అంగస్తంభన చాలావరకు రక్తనాళాల పని. వీర్యకణాల తయారీ వృషణాల లోపల సాగే మరో పని, దానికి మెదడు నుంచి ఇంకో హార్మోన్ అందాలి. ఒకదానికి ఇచ్చే మందు రెండోదానికి పనికిరాకపోవడమే కాదు, ఒక్కోసారి ఉన్నదాన్ని చెడగొడుతుంది కూడా. పిల్లలు కావాలనుకుంటున్న మగవాడికి టెస్టోస్టెరాన్ సూది వేయడం అలా చెడగొట్టే పనుల్లో మొదటిది. ఈ నగరంలో ఇది నిత్యం జరుగుతోంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంటుంది. అది సుమారు గంటన్నరకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను కొద్దికొద్దిగా వదులుతుంది. దాని సంకేతం అందగానే కిందనే ఉన్న పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. ఎల్‌హెచ్ వృషణాల్లోని లేడిగ్ కణాల చేత టెస్టోస్టెరాన్ తయారు చేయిస్తుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ సెర్టోలి కణాలను పనిలో పెడుతుంది, వీర్యకణాలను పెంచి పోషించేవి అవే. రక్తంలో టెస్టోస్టెరాన్ సరిపడా ఉందని తెలిస్తే మెదడు సంకేతాలు తగ్గిస్తుంది, తగ్గితే పెంచుతుంది.

అపార్ట్‌మెంట్ మీది వాటర్ ట్యాంక్‌కు ఆటోమేటిక్ మోటార్ ఉంటుంది కదా. ట్యాంకర్ తెప్పించి నీళ్లు నింపితే, నిండిందని గుర్తించి బోరు మోటార్ దానంతటదే ఆగిపోతుంది. బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఎక్కించినప్పుడు జరిగేదీ ఇదే. సరిపడా ఉందనుకుని మెదడు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండింటినీ ఆపేస్తుంది. వృషణాలు పని మానేసి కుంచించుకుపోతాయి. వీర్యకణాల తయారీకి వృషణం లోపల టెస్టోస్టెరాన్ రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి, బయటి సూది ఆ స్థాయిని అందించలేదు. అందుకే రక్త పరీక్షలో టెస్టోస్టెరాన్ బ్రహ్మాండంగా కనిపిస్తున్న మనిషికి వీర్య పరీక్షలో సున్నా వస్తుంది. ఇది ఎంత నమ్మకంగా జరుగుతుందంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్‌ను మగవారికి గర్భనిరోధకంగా ప్రయోగించి చూసింది. ఆ ఫలితాలు 1990లో వెలువడ్డాయి. వీర్యకణాలు పూర్తిగా ఆగిపోయిన మగవారి భార్యలకు గర్భం రావడమన్నది దాదాపు జరగలేదు.

ఇప్పుడు మన జిమ్‌ల సంగతి. కండలు త్వరగా రావాలని "సైకిల్" పేరుతో రెండు మూడు నెలలు 250 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఆంప్యూళ్లు వేయించుకునే ఇరవై రెండేళ్ల కుర్రాళ్లున్నారు. సూది వేసేది డాక్టర్ కాదు, ట్రైనరో, తోటి కుర్రాడో. సైకిల్ నడిచినన్నాళ్లూ హుషారుగా ఉంటుంది, కోరిక కూడా పెరుగుతుంది. ఆపిన తర్వాత మెదడు మళ్లీ మేల్కొనడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. ఆ మధ్యకాలంలో బయటి హార్మోన్ ఉండదు, లోపలిదీ రాదు. నీరసం, దిగులు, కోరిక పూర్తిగా చచ్చిపోవడం అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. భరించలేక మళ్లీ సూది వేయించుకుంటారు. ఇంట్లో సంబంధాలు చూడటం మొదలయ్యే వయసు కూడా సరిగ్గా ఇదే. ఆ కుర్రాడు ఈ విషయం అమ్మానాన్నలకు చెప్పలేడు, పెళ్లయ్యాక భార్యకూ చెప్పలేడు. పిల్లల కోసం ఏ ఫెర్టిలిటీ సెంటర్‌కో వెళ్లినప్పుడైనా డాక్టర్‌కు చెప్పాలి. చెప్పకపోతే కారణం కనుక్కోవడానికి అక్కర్లేని పరీక్షలన్నీ చేయాల్సి వస్తుంది.

ఇక రిపోర్టు. మాదాపూర్‌లో అమెరికా షిఫ్టు చేసే, నాకు బాగా తెలిసిన ఒక కుర్రాడు ఆ మధ్య ఫోన్‌లో పీడీఎఫ్ తెరిచి చూపించాడు. వయసు ముప్పై నాలుగు. "అన్నా, గిది చాన తక్కువున్నదట గదా. సూది ఏయించుకోమంటున్నరు" అన్నాడు. టోటల్ టెస్టోస్టెరాన్ 268 అని ఎర్ర అక్షరాల్లో ఉంది. చాలామంది నిపుణులు డెసిలీటరుకు 300 నానోగ్రాముల కన్నా తగ్గితే లోపాన్ని అనుమానిస్తారు కాబట్టి పైకి చూస్తే భయపడాల్సిందే. కానీ అదే కాగితం మీద శాంపిల్ తీసిన సమయం కూడా ఉంది: సాయంత్రం 4 గంటల 10 నిమిషాలు. రాత్రంతా పనిచేసి, పొద్దున తొమ్మిదికి పడుకుని, ఒంటిగంటకు లేచి, అన్నం తిని, అమీర్‌పేటలో వేరే పని మీద వెళ్లి పనిలో పనిగా రక్తం ఇచ్చి వచ్చాడు.

టెస్టోస్టెరాన్ నిద్రలో పెరుగుతుంది, లేచే వేళకు గరిష్ఠానికి చేరి, పగలంతా తగ్గుతూ వస్తుంది. తిండి తిన్న తర్వాత కూడా కొంత పడిపోతుంది. అందుకే ఉదయం పది లోపు, పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చూసి, రెండుసార్లూ తక్కువ వస్తేనే లోపం గురించి ఆలోచించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. రాత్రి షిఫ్టు వారికి గడియారంలోని ఉదయంతో పని లేదు, వాళ్లు రోజూ నిద్రపోయే వేళ నిండా పడుకుని లేచిన వెంటనే ఇవ్వాలి. జ్వరం వచ్చి తగ్గిన వారంలో, ఆపరేషన్ అయిన కొత్తలో ఈ పరీక్షకు అర్థమే లేదు. ఇంటికొచ్చి శాంపిల్ తీసుకునే ప్యాకేజీల్లో ఈ పరీక్షను చేర్చేస్తున్నారు గానీ, ఈ నాలుగు ముక్కలూ చెప్పేవారు తక్కువ.

నిద్ర సంగతి ఇంకో మాట. షికాగో యూనివర్సిటీ పరిశోధకులు పది మంది ఆరోగ్యవంతులైన యువకులను వారం పాటు రాత్రికి ఐదు గంటలే నిద్రపోనిచ్చి చూశారు. పగటిపూట టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. 2011లో వచ్చిన అధ్యయనం అది. పది మందితో చేసిన చిన్న ప్రయోగమే అయినా, గచ్చిబౌలి నుంచి ఉప్పల్ దాకా రోజూ క్యాబ్‌లో తిరుగుతూ ఏళ్ల తరబడి నాలుగైదు గంటల నిద్రతో బతుకుతున్నవాళ్లను చూస్తే నాకు ఆ అంకెలే గుర్తొస్తాయి. గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవారి పరిస్థితి మరీ కష్టం. ఎనిమిది గంటలు మంచం మీదున్నా వాళ్లకు నిద్ర పట్టినట్టు కాదు.

మన కుర్రాడి రిపోర్టు మీద ఇంకా రెండు సంగతులు రాయలేదు, నేను అడిగి తెలుసుకున్నాను. మొదటిది నడుము కొలత. మగవారికి 90 సెంటీమీటర్లు దాటితే పొట్ట కొవ్వు ఎక్కువైనట్టే అని మనవాళ్లకు వేసిన లెక్క, అతనిది 104. కొవ్వు కణాల్లో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రడయాల్‌గా, అంటే స్త్రీలలో ఎక్కువగా ఉండే హార్మోన్‌గా మార్చేస్తుంది. అది పెరిగితే మెదడు ఎల్‌హెచ్‌ను ఇంకా తగ్గిస్తుంది. ఇక్కడే మరో మెలిక ఉంది. రక్తంలో ఉండే టెస్టోస్టెరాన్‌లో చాలా భాగం ఎస్‌హెచ్‌బీజీ, ఆల్బుమిన్ అనే ప్రొటీన్లకు అతుక్కుని తిరుగుతుంది. ఏ బంధమూ లేకుండా స్వేచ్ఛగా ఉండేది 2 శాతం లాంటిది. లావుగా ఉన్నవారిలో, ఇన్సులిన్ సరిగా పనిచేయనివారిలో ఎస్‌హెచ్‌బీజీ తగ్గిపోతుంది. దాంతో టోటల్ అంకె తగ్గి కనిపించినా, శరీరానికి నిజంగా అందే స్వేచ్ఛా భాగం మామూలుగానే ఉండొచ్చు. ముసలివారిలో దీనికి ఎదురు జరుగుతుంది. ఎస్‌హెచ్‌బీజీ పెరిగి టోటల్ బాగానే కనిపిస్తుంది, వాడుకోవడానికి దొరికేది మాత్రం తక్కువ. కాబట్టి అంకె సరిహద్దు దగ్గర ఉన్నప్పుడు ఎస్‌హెచ్‌బీజీ కూడా చూసి లెక్కకట్టకుండా ఎవరూ తీర్పు చెప్పకూడదు.

రెండోది గ్యాస్ మాత్ర. రాత్రి రెండింటికి బిర్యానీ, నాలుగింటికి టీ, పొద్దున్నే కడుపులో మంట. అందుకని రెండేళ్లుగా డాక్టర్‌ను అడగకుండా రోజూ ఒక క్యాప్సూల్ వేసుకుంటున్నాడు. మనదగ్గర బాగా అమ్ముడయ్యే ఇలాంటి క్యాప్సూళ్లలో పాంటోప్రజోల్‌తో పాటు డోంపెరిడోన్ గానీ, రాబెప్రజోల్‌తో పాటు లెవోసల్పిరైడ్ గానీ కలిసి ఉంటాయి. మొదటి మందు యాసిడ్‌ను తగ్గిస్తుంది. రెండోది పిట్యూటరీ మీద డోపమిన్ అనే మెదడు రసాయనం పట్టును సడలించి ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది. తల్లుల్లో పాలు పడటానికి కారణమయ్యే హార్మోన్ ఇది, మగవారిలోనూ కొద్దిగా ఉంటుంది. ఎక్కువైతే జీఎన్‌ఆర్‌హెచ్ సంకేతాలు మందగిస్తాయి, టెస్టోస్టెరాన్ పడిపోతుంది, కోరిక చల్లారుతుంది. కొందరికి రొమ్ముల్లో నొప్పి, వాపు వస్తాయి. లక్షల మంది అలవాటుగా వేసుకునే మాత్ర వెనక ఇంత కథ ఉందన్న సంగతి చీటీ మీద రాసిచ్చేవారైనా చెప్పాలి కదా.

అతను డాక్టర్‌ను కలిసి ఆ క్యాప్సూల్ మార్పించుకుని, నిండా నిద్రపోయిన రోజు చూసి మళ్లీ రక్తం ఇచ్చాడు. 352 వచ్చింది. పొట్ట ఇంకా అలాగే ఉంది, షిఫ్టు మారలేదు, కాబట్టి సమస్య తీరిందని అనను. కానీ సూది అవసరం లేదని మాత్రం తేలింది.

ప్రొలాక్టిన్ పెరగడానికి మందులే కారణం కానక్కర్లేదు. పిట్యూటరీలో చిన్న గడ్డ ఉన్నా పెరుగుతుంది. ఎడతెగని తలనొప్పి, పక్కల నుంచి వచ్చే బండ్లు కనిపించకపోవడం లాంటివి తోడైతే ఎంఆర్ఐ తప్పదు. మంచి మాట ఏమిటంటే ఈ గడ్డలు చాలావరకు కాబెర్గోలిన్ మాత్రలతోనే కుంచించుకుపోతాయి, ఆపరేషన్ దాకా వెళ్లేవారు తక్కువ. థైరాయిడ్ తగ్గినా ప్రొలాక్టిన్ పెరగొచ్చు, థైరాయిడ్ ఎక్కువైతే శీఘ్రస్ఖలనం రావచ్చు. డిప్రెషన్‌కు వాడే కొన్ని మాత్రలు, మానసిక వ్యాధులకు ఇచ్చే రిస్పెరిడోన్ లాంటివి, నొప్పులకు ఎక్కువ కాలం వాడే ట్రమడాల్ కూడా కోరికనో పటుత్వాన్నో తగ్గించొచ్చు. వీటిని సొంతంగా ఆపేయడం ప్రమాదం. రాసిన డాక్టర్‌కు ఉన్నది ఉన్నట్టు చెబితే మార్చడానికి వేరే మందులున్నాయి.

పటుత్వం విషయానికొస్తే, నడివయసు వారిలో ఎక్కువమందికి చిక్కు హార్మోన్‌ది కాదు. కోరిక కలగగానే నరాల చివర్ల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది. రక్తనాళాలు సడలి, లోపలికి రక్తం నిండి, బయటికి పోయే దారులు మూసుకుంటాయి. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ ఈ లోపలి పొరనే దెబ్బతీస్తాయి. అంగానికి రక్తం తెచ్చే ధమని ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పు, గుండె ధమని మూడు నాలుగు. పూడిక మొదలైతే ముందు సన్నటిదే తెలుస్తుంది. అందుకే చాలామందిలో గుండెపోటుకు రెండు నుంచి ఐదేళ్ల ముందే ఈ సమస్య కనిపిస్తుంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లు. నలభై ఐదేళ్ల మనిషి సిగ్గుపడి ఈ మాట దాచుకుంటే, షుగరూ గుండె జబ్బూ ముందుగా పట్టుకునే అవకాశం పోయినట్టే. ఈ ఒక్క ముక్క చదివి ఎవరైనా షుగర్, లిపిడ్ ప్రొఫైల్, ఈసీజీ చేయించుకుంటే నాకు సంతోషం.

1998లో అమెరికాలో అనుమతి పొందిన సిల్డెనాఫిల్, ఆ తర్వాత వచ్చిన టడలఫిల్ పనిచేసేది ఈ నైట్రిక్ ఆక్సైడ్ దారిలోనే. అవి కోరికను పుట్టించవు, హార్మోన్‌ను ముట్టుకోవు. కొవ్వు ఎక్కువున్న భోజనం మీద వేసుకుంటే సిల్డెనాఫిల్ ఆలస్యంగా పనిచేస్తుంది. అది చూసి పని చేయలేదనుకుని రెండోది వేసుకునేవారున్నారు, అలా చేయకూడదు. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్లు వాడేవారు వీటిని అస్సలు వాడకూడదు, బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది. ఛాతీ నొప్పితో ఎమర్జెన్సీకి వెళ్లినప్పుడు "నిన్న రాత్రి ఈ మాత్ర వేసుకున్నాను" అని డాక్టర్‌కు చెప్పాలి. పక్కన బావమరిది ఉన్నా, కొడుకు ఉన్నా చెప్పాలి. మూలికల పేరుతో అమ్మే పొడుల్లో ఇదే సిల్డెనాఫిల్ కలిపి ఉండటం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎన్నోసార్లు పట్టుకుంది, కాబట్టి "ఆకు మందే కదా" అన్న ధీమా గుండె జబ్బు ఉన్నవారికి పనికిరాదు.

కొత్తగా పెళ్లయిన కుర్రాళ్లది వేరే కథ. మొదటి రాత్రి భయంతో అడ్రినలిన్ ఎగదన్ని రక్తనాళాలు బిగుసుకుపోతాయి. తెల్లవారుజామున నిద్రలో అంగం మామూలుగానే గట్టిపడుతోందంటే నాళాలు, నరాలు, హార్మోన్ బాగానే ఉన్నట్టు లెక్క. ఇలాంటి కుర్రాళ్లే బస్టాండ్ గోడల మీది, రైలు పట్టాల పక్కన రాసిన "నరాల బలహీనత" ప్రకటనలకు చిక్కుతారు. హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడ్డాయని, మూత్రంలో ధాతువు పోతోందని వాళ్లను బెదిరించి వేలకు వేలు లాగుతారు. ఈ భయాన్నే మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో "ధాత్ సిండ్రోమ్" అన్నారు. వీర్యంలో ఎక్కువ భాగం సెమినల్ వెసికిల్స్, ప్రోస్టేట్ గ్రంథుల్లో ఊరే ద్రవమే, అందులో వీర్యకణాలు కొద్ది శాతమే. పోతే మళ్లీ ఊరుతుంది. డాక్టర్ గోపరాజు సమరం గారు దశాబ్దాలుగా పత్రికల్లో ఓపిగ్గా చెబుతూ వచ్చిన సంగతే ఇది.

మగతనం నరాల్లో లేదని 1849లోనే జర్మనీలో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ కోడిపుంజులతో చూపించాడు. వృషణాలు తీసేసిన పుంజులు కూయడం మానేశాయి, పోట్లాట మానేశాయి, తలమీది తురాయి వాడిపోయింది. తీసిన వృషణాన్ని పొట్టలో మరోచోట అతికిస్తే, పాత నరాలతో ఏ సంబంధమూ లేకపోయినా, పుంజు మళ్లీ పుంజైంది. సందేశం రక్తం ద్వారా వెళుతోందని అర్థమైంది. ఆ పదార్థాన్ని విడదీసి టెస్టోస్టెరాన్ అని పేరు పెట్టింది 1935లో.

ఇంతా చెప్పాక, నిజంగా లోపం ఉన్నవారిని మరిచిపోకూడదు. పద్దెనిమిదేళ్లొచ్చినా గడ్డం మొలవని, గొంతు మారని కుర్రాణ్ని "టైమొస్తే అదే వస్తుంది" అని ఇంట్లో ఊరుకోకూడదు. కాఫీ వాసన, మల్లెపూల వాసన తెలుస్తోందా అని హార్మోన్ల డాక్టర్ (ఎండోక్రైనాలజిస్ట్) అడిగితే వింత అనుకోవద్దు. కాల్‌మన్ సిండ్రోమ్‌లో జీఎన్‌ఆర్‌హెచ్ కణాలు, వాసన నాడులు రెండూ పుట్టుకతోనే సరిగా ఏర్పడవు. ఇలాంటి వారికి హెచ్‌సీజీ, ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్లతో వృషణాలను మేల్కొలిపి తండ్రుల్ని చేయగలుగుతున్నారు. ఒక ఎక్స్ క్రోమోజోమ్ ఎక్కువగా ఉండే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్, యవ్వనంలో గవదబిళ్లలు వృషణాలకు పాకడం, కీమోథెరపీ కూడా నిజమైన లోపాన్ని తెస్తాయి. ఎల్‌హెచ్ ఎక్కువగా ఉండి టెస్టోస్టెరాన్ తక్కువైతే లోపం వృషణాల్లో, రెండూ తక్కువైతే పైన మెదడులో. పిల్లల ఆలోచన లేని ఇలాంటి వారికి టెస్టోస్టెరాన్ సూదో జెల్లో ధైర్యంగా ఇవ్వొచ్చు. లోపం ఉన్నవారికి టెస్టోస్టెరాన్ ఇచ్చి చూసిన, 2023లో వచ్చిన ట్రావర్స్ అధ్యయనంలో గుండెపోటు, పక్షవాతం పెరగలేదని తేలింది. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు మాత్రం కాస్త ఎక్కువగా కనిపించాయి. అందుకే వాడుతున్నంత కాలం రక్తం చిక్కబడుతోందా అని హెమటోక్రిట్, ప్రోస్టేట్ కోసం పీఎస్ఏ చూస్తుండాలి. ప్రైవేటుకు వెళ్లలేనివారికి నిమ్స్‌లోనూ ఉస్మానియాలోనూ ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి.

పిల్లల కోసం చూస్తున్న జంటల్లో నాకు కోపం తెప్పించేది ఒకటుంది. దాదాపు సగం జంటల్లో మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. అయినా కోడలికి స్కానింగులు, ట్యూబుల పరీక్షలు, పూజలు అన్నీ అయ్యాక గానీ కొడుకు చేత వీర్య పరీక్ష చేయించరు. నొప్పి లేని, ఖర్చు తక్కువైన పరీక్ష అది. వీర్యం బయటికి పోనివ్వకుండా రెండు నుంచి ఏడు రోజులు ఎడం పాటించి ఇవ్వాలి. ల్యాబ్‌లో ఇవ్వలేకపోతే ఇంట్లో పట్టి, చొక్కా లోపల ఒంటి వేడి తగిలేలా పెట్టుకుని గంటలోపు అందించాలి. మిల్లీలీటరుకు 1.6 కోట్ల వీర్యకణాలు అన్నది 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కనీస హద్దు. అంతకన్నా తక్కువున్నవారికి కూడా పిల్లలు పుడుతున్నారు. కణాలు మరీ తక్కువగా ఉన్నా, అసలే లేకపోయినా వై క్రోమోజోమ్‌లో ముక్కలు లోపించాయేమో చూడాలి, దీనిమీద మన హబ్సిగూడలోని కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు ఏళ్లుగా పరిశోధిస్తున్నారు. మందు మొదలుపెట్టినా, సిగరెట్ మానేసినా, సైకిల్ ఆపేసినా వెంటనే మళ్లీ పరీక్షకు పరుగెత్తొద్దు. ఒక వీర్యకణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది, బయటికి చేరడానికి ఇంకొన్ని రోజులు. మూడు నెలలు ఆగి ఇవ్వండి.